చిట్టి ముందుపన్ను

ఈ జ్ఞాపకాలు రాయడానికి కూర్చున్నప్పుడే ఒక్క సంగతి మాత్రం రాయకూడదనుకున్నాను. పోయిన నెల చిట్టి కొడుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉండకపోతే రాసేదాన్నీ కాదు. చిట్టి నా చెల్లెలు. నాకంటే ఎనిమిదిన్నరేళ్ళు చిన్నది. విజయవాడలో గుణదల వైపు కాపురం. వాళ్ళింటికి రెండు రోజులు ఉండి వద్దామని వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే దాని మూడేళ్ళ కొడుకు బుజ్జిగాడు తడి కాళ్ళతో పరిగెత్తి మంచం అంచుకి మూతి కొట్టుకున్నాడు. పై పెదవి చిట్లి రక్తం వచ్చింది, ముందుపన్ను ఒకటి కదిలింది. అరగంటలో చిన్నపిల్లల పళ్ళు మాత్రమే చూసే డాక్టరు ముందు కూర్చున్నాం. చాలా చిన్న వయసమ్మాయి. గోడల నిండా చేపలు, తాబేళ్ళ బొమ్మలు వేయించుకుంది. పిల్లాడి పేరు, వయసు రాసుకుని తలెత్తి, "ఎలా తగిలిందండీ? ఎవరు చూశారు?" అని అడిగింది.

చిట్టి తడుముకోలేదు. "నేనే చూశానండీ. స్నానం చేయించి తుడుస్తున్నా, చేతిలోంచి జారిపోయాడు. నేను గట్టిగా పట్టుకోలేదు" అంది. డాక్టరమ్మాయి రాసుకుంటూనే, "ఈ వయసులో పడని పిల్లలుండరండీ, మీ తప్పేం లేదు" అంది. తర్వాత చిన్న ఎక్స్‌రే తీసి, వేరు బాగానే ఉందని, వారం రోజులు మెత్తటివే పెట్టమని, పన్ను రంగు మారినా చిగురు మీద పొక్కు లేచినా వెంటనే తీసుకురమ్మని చెప్పింది. అంతే. ఆ రెండు ప్రశ్నలకీ రెండు నిజాలు చెప్పి మా చెల్లెలు బిడ్డని భుజాన వేసుకుని బయటికి నడిచింది. నేను మాత్రం ఆ కుర్చీలోంచి వెంటనే లేవలేకపోయాను. అవే రెండు ప్రశ్నలు, ఇదే ఊళ్ళో, ఇంకో డాక్టరు, ఈ చిట్టి గురించే అడిగినప్పుడు మా ఇంటిల్లిపాదీ కలిసి చెప్పిన జవాబు నాకు గుర్తుకొచ్చింది.

మాది పామర్రుకి రెండు మైళ్ళ అవతల చిన్న ఊరు. పెంకుటిల్లు, ముందు నడుమెత్తు అరుగు, పక్కన వంటపాక. నాన్న పామర్రులో ఒక రైస్ మిల్లులో గుమాస్తా. మెత్తటి మనిషి. ఇంట్లో ఆయన గొంతు కంటే ఆయన సైకిలు గంటే పెద్దగా వినిపించేది. పొలం మొత్తం నాన్నకీ బాబాయికీ ఉమ్మడి. వరి పండని పల్లపు చెక్కని తవ్వించి బాబాయి చేపల చెరువులు వేశాడు. ఆ రోజుల్లో మా వైపు అందరూ అదే పని చేస్తున్నారు. వసారా నిండా చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాలు, వేరుసెనగ చెక్క బస్తాలు పేర్చి ఉండేవి. ఇల్లంతా ముక్కిన తవుడు వాసన, దాని మీద చేపల నీచు వాసన. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. నాకు మాత్రం ఆ వాసన బాబాయి వాసన. అందుకని ఇష్టంగానే ఉండేది.

పొద్దున్నే పళ్ళు తోముకోవడం దగ్గరే మా ఇంట్లో ఎవరెలాంటివాళ్ళో తెలిసిపోయేది. నాన్న వేపపుల్ల నములుతూ దొడ్డంతా ఒక చుట్టు తిరిగొచ్చేవారు. అమ్మ కచ్చికల పొడిలో ఇంత ఉప్పు కలిపి, అందరూ లేవకముందే, నూతి దగ్గర నిలబడి గబగబా కానిచ్చేది. నాకు జ్ఞానం తెలిసేనాటికే నాయనమ్మకి మూడు పళ్ళే మిగిలాయి. అరుగు మీద కూర్చుని చిన్న రోట్లో ఆకూ వక్కా టకటకా దంచుకుని ఆ ముద్దని చప్పరించేది. "పళ్ళనేవి వస్తాయి పోతాయి, వాటికి డాక్టరేంటే" అనేది. బ్రష్షూ పేస్టూ వాడేది బాబాయి ఒక్కడే. విజయవాడ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివి, అది పూర్తికాకుండానే తిరిగొచ్చినా, ఆ అలవాటు మాత్రం తెచ్చుకున్నాడు. రెండున్నరేళ్ళ చిట్టి పొద్దున లేస్తూనే అమ్మ దగ్గరికి కాదు, బాబాయి దగ్గరికి పోయి చూపుడువేలు చాపేది. ఆయన శెనగగింజంత పేస్టు ఆ వేలి మీద పెట్టేవాడు. తోమేది తక్కువ, మింగేది ఎక్కువ. తర్వాత పెదాలు రెండూ పైకి లాగి, బియ్యపు గింజల్లాంటి పళ్ళన్నీ మాకు చూపించి, "తెల్లగా?" అని అడిగేది. తెల్లగా ఉన్నాయని అందరం చెప్పేదాకా అక్కణ్ణించి కదిలేది కాదు.

బాబాయి పేరు రాంబాబు. అప్పటికి పాతికేళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. ఇంట్లో నవ్వించేవాడు ఆయనే, కోపం వస్తే కంచం విసిరేసేవాడూ ఆయనే. చెరువుల మీద చేతిలో నాలుగు రాళ్ళు ఆడటం మొదలయ్యాక స్కూటరు కొన్నాడు. చిట్టిని ముందు నిలబెట్టుకుని, నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊళ్ళో తిప్పేవాడు. నాన్న ఒక్కసారే చెప్పారు: "ఊళ్ళో తిప్పితే తిప్పావు గానీ ఆ కాలవ గట్టు మీదకి మాత్రం చిన్నదాన్ని తీసుకెళ్ళమాకురా, అన్నీ గోతులు." నాన్న దేన్నైనా ఒక్కసారే చెప్పేవారు. రెండోసారి చెప్పాల్సి వస్తే మనిషి మీదే ఆశ వదులుకునేవారు. ఆ సంగతి బాబాయికి తెలుసు.

ఆ రోజు చెరువులో వల లాగుతున్నారు. అమ్మ పాకలో వల వాళ్ళకి అన్నాలు వండుతోంది. నాన్న మిల్లుకి వెళ్ళారు. చిట్టి చేపలు చూస్తానని ఏడుస్తుంటే బాబాయి మమ్మల్నిద్దరినీ స్కూటరెక్కించుకున్నాడు. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. చిట్టి వల్లో ఎగిరే చేపల్ని చూసి చప్పట్లు కొట్టింది. తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద, చెరువు కాపలా వెంకన్న గుడిసె దాటాక, బాబాయి నీళ్ళు తోడే ఇంజను ఆపమని వెంకన్నకి చెప్పడానికి వెనక్కి తిరిగి చెయ్యూపుతూ కేకేశాడు. ఒక్క చేత్తోనే నడుపుతున్నాడు. అప్పుడే గేదెదూడ ఒకటి గట్టెక్కి అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. నేను బాబాయి వీపుకి కొట్టుకున్నాను. ముందు నిలబడ్డ చిట్టి నోరు హ్యాండిలు మధ్య ఇనుముకి కొట్టుకుంది. ఆ చప్పుడు చిన్నదే. తర్వాత చాలాసేపు దానికి ఏడుపే రాలేదు. నోరు తెరిచి ఊపిరి బిగబట్టింది. ఏడుపు వచ్చేసరికి గౌను ముందంతా ఎర్రగా అయిపోయింది.

బాబాయి దాన్ని కాలవ రేవులోకి ఎత్తుకెళ్ళి పుక్కిట్లో నీళ్ళు పోసి కడిగాడు. పై పెదవి వాచిపోయింది. ముందు రెండు పళ్ళలో ఎడమవైపుది లేదు. అక్కడ రక్తం నిండిన చిన్న గుంట కనిపించింది. "పన్ను ఊడిపోయిందే" అన్నాడు. దుమ్ములో కాలితో అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత ఉన్నట్టుండి గట్టు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టాడు. పెద్ద మగవాడు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"మాధవీ, నా తల్లివి కదూ. అన్నయ్య వద్దని చెప్పినా వినకుండా తీసుకొచ్చా. తెలిస్తే ఇంక నా మొహం చూడడు. నువ్వు ఎత్తుకుని ఉంటే అరుగు మీంచి జారిందని చెబుదాం. నువ్వు చిన్నపిల్లవి, నిన్నెవరూ ఏమనరు. నువ్వు తప్ప నాకెవరున్నారే."

నాకప్పుడు పదకొండేళ్ళు. ఆ ఇంట్లో అప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ బతిమాలి అడగలేదు. నీళ్ళు తే, పిల్లనెత్తుకో, పొయ్యిలో పుల్లలు ఎగదొయ్యి అని చెప్పడమే. బాబాయి అంతటివాడు నా రెండు చేతులూ పట్టుకుని అడుగుతున్నాడు. భయం కంటే ముందు నాకు గొప్పగా అనిపించింది. అది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, కానీ నిజం అదే. తల ఊపాను.

ఏమనరన్నాడు గానీ అన్నారు. గంజి వారుస్తున్న అమ్మ ఆ చేత్తోనే వచ్చి నా చెంప మీద కొట్టింది. "బండెడు అన్నం తింటావు, పిల్లని పట్టుకోవడం చేతకాదా? నీ చేతులు పడిపోయాయా?" అని మళ్ళీ కొట్టింది. అప్పుడు మధ్యలోకి వచ్చి అమ్మని ఆపింది ఎవరో కాదు, బాబాయే. "పోనీ వదినా, చిన్నపిల్ల, తెలియక జరిగింది. దాన్ని కొడితే పన్ను తిరిగొస్తుందా?" అన్నాడు. చుట్టూ చేరినవాళ్ళు రాంబాబుకి పిల్లలంటే ఎంత ప్రేమో అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అంత సులువుగా ఆయన ఆ మాట అనగలిగాడని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఊళ్ళో మందులిచ్చే డాక్టరుగారు వచ్చి దూది పెట్టి, జ్వరం బిళ్ళలిచ్చి వెళ్ళారు. ఊడిన పన్ను చూశారా అని మాత్రం అడిగారు. వెతుకుతున్నామంది అమ్మ. సాయంత్రం నాన్న వచ్చి చిట్టి మొహం చూసి, నా మొహం చూసి, "పాలపళ్ళే కదా, మళ్ళీ వస్తాయిలే" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. ఒక్కసారే అన్నారు.

పన్ను వెతకడం నా పని అయింది. పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదకి విసరాలని, లేకపోతే కొత్త పన్ను వంకరగా వస్తుందని నాయనమ్మ పట్టు. అరుగు కింద దుమ్మంతా చీపురుతో పోగుచేయించి, జల్లెడ ఇచ్చి జల్లించమంది. అక్కడ ఏ పన్నూ పడలేదని నాకు తెలుసు. తెలిసి, దారిన పోయేవాళ్ళందరి ముందూ ఆ దుమ్ము జల్లిస్తూ కూర్చున్నాను. మర్నాడు బడి ఎగ్గొట్టి, నాన్న పాత సైకిలు తొక్కుకుంటూ గట్టు మీదకి వెళ్ళాను. గేదెదూడ అడ్డం వచ్చిన చోటు గుర్తుపట్టి, మోకాళ్ళ మీద పాకుతూ, చేత్తో దుమ్ము పాయలు పాయలుగా తీసి చూశాను. అక్కడా లేదు. తెల్లటి నత్తగుల్లల ముక్కలు మాత్రం బోలెడున్నాయి. వాటిలో ఒకటి, గోరంత, ఒక పక్క సన్నగా, అచ్చం పన్నులా ఉంది. నాయనమ్మకి చూపు ఆనేది కాదు. "దొరికింది" అని ఆ గుల్లముక్క ఆమె చేతిలో పెట్టాను. ఆమె వేలితో తడిమి, "చిట్టితల్లి పన్ను" అని ముద్దు పెట్టుకుని, పేడముద్దలో పెట్టి పెంకుల మీదకి విసిరింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బాబాయి నాకు మాత్రమే కనబడేలా నవ్వాడు. ఆయన చెప్పించినది ఒక అబద్ధం. ఎవరూ అడగకుండా నేను చేసిన ఈ రెండోది దానికంటే పెద్దదని అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత నాలుగైదు నెలలు చిట్టి ఏదీ కొరికి తినలేదు. జాంకాయ ఇస్తే పట్టుకుని తిరిగేది, అంతే. పేస్టు కోసం వేలు చాపడం మానేసింది. దగ్గరికి తీసుకుంటే నోట్లోంచి చెడ్డ వాసన వచ్చేది. చిగురు మీద పొక్కు లేచి, పగిలి, మళ్ళీ లేచేది. నాయనమ్మ నోటిపూత అంది, వేడి అంది, లవంగం నూరి పెట్టింది. అమ్మకి చాకిరీలో తీరిక లేదు. తీరిక దొరికినప్పుడు నా వైపు చూసి, "చూడు, నువ్వు చేసిన నిర్వాకం" అనేది. ఒకరోజు చిట్టికి ఒళ్ళు కాలిపోతూ, ముక్కు పక్క నుంచి కంటి కింద దాకా వాచిపోయింది. అప్పుడు బస్సెక్కి విజయవాడ తీసుకెళ్ళారు. నాన్న, అమ్మ, బాబాయి. చిట్టి నా మెడ వదలలేదు కాబట్టి నేను కూడా.

ఆ డాక్టరుగారు పెద్దాయన, గవర్నరుపేట వైపు మేడ మీద గది. ఎక్స్‌రే తీసి, ఆ చిన్న ఫిల్ముని కిటికీ వెలుగుకి పట్టుకుని అడిగారు. "పన్ను ఊడిపోయిందన్నారు. ఊడిన పన్ను మీరెవరైనా చూశారా?"

"చూశామండీ. దొరికితే మా అత్తగారు కప్పు మీద వేశారు" అంది అమ్మ.

"మరి ఇదేంటమ్మా?" ఆయన నాన్నని పిలిచి చూపించారు. "ఊడలేదండీ. మొత్తం పన్ను అట్టాగే పైకి చిగుట్లోకి దిగబడిపోయింది. ఇన్ని నెలలూ అక్కడే ఉండి చీము పట్టింది. మొదట్లో తీసుకొచ్చినట్టయితే కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. చాలామందికి దానంతటదే మెల్లిగా కిందికి దిగుతుంది. ఇప్పుడు తీసెయ్యక తప్పదు. దీని వేరుకి ఆనుకునే రాబోయే పన్ను మొగ్గ ఉంటుంది. దానికెంత దెబ్బ తగిలిందో, అది వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు." ఆయన కళ్ళజోడు తీసి మా అందరినీ చూశారు. "ఎట్టా పడింది? ఎవరు చూశారు? అరుగు మీంచి జారితే ఇంత లోపలికి దిగదండీ. గట్టిగా ఏదో ఇనుముకి కొట్టుకున్నట్టుంది."

బాబాయి కిటికీలోంచి కింద రోడ్డు చూస్తున్నాడు. గుల్లముక్క గురించి, గట్టు గురించి, మొత్తం నా గొంతులోకి వచ్చేసింది. "అరుగు మీద కాదండీ..." అన్నాను. అమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. గోళ్ళు దిగేలా నొక్కింది. "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంటే? చేసింది చాల్లేదా?" అంది. డాక్టరుగారు నా వైపు ఒక క్షణం చూసి, తర్వాత చెయ్యాల్సిన పని మీద పడ్డారు. నాన్న చిట్టి కాళ్ళు పట్టుకున్నారు. అది పెట్టిన కేకకి నేను గది బయటికి పరిగెత్తి మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకున్నాను. బాబాయి కూడా బయటికి వచ్చాడు. నా పక్కన కూర్చుంటాడనుకున్నాను. మెట్లు దిగి కిందికి వెళ్ళిపోయి, వచ్చేటప్పుడు నాకొక సోడా తెచ్చిచ్చాడు.

పక్కపిల్లలందరికీ ఏడో ఏడు దాటేసరికి వచ్చే పన్ను చిట్టికి తొమ్మిది దాటినా రాలేదు. వచ్చినప్పుడు ముందుకి తోసుకుని, పక్కకి తిరిగి వచ్చింది. సగం దాకా బెల్లం రంగు మచ్చ, మధ్యలో గోరుతో నొక్కినట్టు గుంట. అప్పటికి నాయనమ్మ లేదు. కప్పు మీదకి వేసినది చిట్టి పన్ను కాదని ఆమెకి తెలియకుండానే పోయింది. చిట్టి అద్దంలో చూసుకుని మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపి మళ్ళీ చూసుకుంది. అప్పట్నించీ దానికి నవ్వొచ్చినా మాటొచ్చినా ఎడమచెయ్యి నోటికి అడ్డం వెళ్ళేది. బళ్ళో గొంతు బాగుందని పంద్రాగస్టుకి స్వాగతం చెప్పే పని దానికిచ్చారు. వారం రోజులు ఇంట్లో బట్టీపట్టింది. ముందురోజు టీచరుగారు, పెద్దలొస్తున్నారు, ఫొటోలు తీస్తారు అని చెప్పి ఇంకో పిల్లని నిలబెట్టారు. పదో తరగతి హాల్ టికెట్టు ఫొటోకి పామర్రు స్టూడియోకి తీసుకెళ్తే ఆ ఫొటో తీసే ఆయన, "నోరు మూసుకోమ్మా, పన్ను కనపడతంది" అన్నాడు. అది మూసుకుంది. ఆ ఫొటోలో పెదాలు కుట్టేసినట్టుంటుంది.

ఇంటికొచ్చాక ఆ ఫొటోలు నా మీదకి విసిరింది. నేను అప్పటికి విజయవాడలో ఉద్యోగం చేస్తూ సెలవుకి వచ్చాను. "నువ్వు పడేశావు. నీ చేతుల్లోంచే పడ్డా. నీకేం, పళ్ళన్నీ చక్కగా పెట్టుకుని ఊళ్ళేలుతున్నావు" అంది. అమ్మ పక్కనే బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు. "అవునే, నేనే" అన్నాను. ఏదో త్యాగం చేశాననుకుని కాదు. చెబితే గుల్లముక్క సంగతి కూడా చెప్పాలి. పన్ను దొరికిందని నేను చెప్పకపోతే ఎవరో ఒకరు చిగురు ఎత్తి చూసి ఉండేవాళ్ళేమో. బాబాయి తప్పుని దాస్తున్నాననుకున్నాను. అప్పటికి నాదే దాస్తున్నాను.

ఆ అబద్ధంతో నిలబెట్టిన ఇల్లు నిలబడిందా అంటే, అదీ లేదు. చిట్టికి పన్ను తీయించిన రెండేళ్ళకే బాబాయికి పెళ్ళయింది. ఇంకో రెండేళ్ళకి చెరువుల దగ్గర మాటామాటా వచ్చి పంపకాలైపోయాయి. నీళ్ళు అందే చెరువులు ఆయన తీసుకుని, చవిటి చెక్క నాన్నకి వదిలాడు. నాన్న ఒక్కసారి అడిగి ఊరుకున్నారు. నాలుగేళ్ళు మాటల్లేవు. తర్వాత పెళ్ళిళ్ళలో, చావుల్లో మళ్ళీ కలిశారు. చిట్టికి పద్దెనిమిది నిండాక నేనే దగ్గరుండి విజయవాడలో ఆ పన్నుకి తొడుగు వేయించాను. పన్ను తెల్లబడింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ నోటి దగ్గరికి వెళ్తుంది. నాన్న పోయారు. ఆయనకి ఏదీ తెలియదు. నేను చెప్పలేదు.

పోయిన నెల క్లినిక్ నుంచి వచ్చాక, చిట్టి వాళ్ళింట్లో హాల్లో కూర్చున్నాం. అమ్మ ఈ మధ్య కొన్నాళ్ళు నా దగ్గర, కొన్నాళ్ళు చిట్టి దగ్గర ఉంటోంది. బుజ్జిగాడికి పెట్టడానికి రాగిజావ కలుపుతోంది. అప్పుడే బాబాయి ఫోను చేశాడు. ఎవరో చెప్పారట, పిల్లాడికి దెబ్బ తగిలిందని. చిట్టి స్పీకరు పెట్టింది.

"కంగారు పడమాకే, పాలపళ్ళకేం కాదు. నిన్ను మీ అక్క అరుగు మీంచి పడేసినప్పుడు మేమూ ఇట్టాగే హడలిపోయాం. పాపం దాన్ని మీ అమ్మ చావగొట్టింది, నేనే అడ్డం పడ్డా" అని నవ్వాడు. ఆ నవ్వులో ఏ జంకూ లేదు. దాస్తున్న మనిషి గొంతు కాదది. ఇన్నేళ్ళలో ఆయనకి అదే నిజమైపోయింది. చిట్టి కూడా నవ్వి, నా వైపు చూసి, "అవును బాబాయ్" అని ఫోను పెట్టేసింది.

"అది నేను కాదే" అన్నాను.

ఎలా మొదలుపెట్టానో తెలియదు గానీ గట్టు, గేదెదూడ, హ్యాండిలు, కాలవ నీళ్ళు, బాబాయి ఏడవడం, జల్లెడ, గుల్లముక్క అన్నీ చెప్పాను. గుల్లముక్క దగ్గర మాట దాటవేద్దామనిపించింది. అయినా చెప్పాను. చిట్టి కదల్లేదు. దాని చెయ్యి నోటి మీదే ఉంది. నన్ను కాదు, అమ్మని అడిగింది.

"నీకు తెలుసా?"

అమ్మ గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. "వెంకన్న పెళ్ళాం మర్నాడే వచ్చి చెప్పింది" అంది.

నా భుజంలో ఆ గోళ్ళు మళ్ళీ దిగినట్టయింది. డాక్టరు గదిలో అది కోపమనుకున్నాను. ముప్పై ఏళ్ళు అలాగే అనుకున్నాను. "మరి నన్నెందుకు ఆపావమ్మా? ఇన్నేళ్ళూ నన్నెందుకు అన్నావు?" అన్నాను. నా గొంతు నాకే పదకొండేళ్ళ పిల్లదిలా వినిపించింది.

"ఏం చెయ్యమంటావే? మీ నాన్న చూస్తే అట్టాంటోడు. చెరువులు వాడి చేతిలో ఉన్నాయి. బయటపెడితే ఆ రోజే ఇల్లు రెండయ్యేది. నువ్వంటే నా పిల్లవి, ఒక మాటన్నా పడతావు. వాడు పడతాడా?" అంది అమ్మ. కప్పిపుచ్చుకుంటున్నట్టు కాదు, తెలిసిన లెక్కే చెబుతున్నట్టు చెప్పింది. అంత తేలిగ్గా చెప్పగలదని ముందే తెలిస్తే అడిగేదాన్ని కాదేమో.

"ఇల్లు రెండయింది కదమ్మా" అన్నాను.

అమ్మ గరిటె తీసి గిన్నె అంచుకి తట్టింది.

ఇప్పటి పిల్లల తల్లులు ప్రతిదానికీ డాక్టరు దగ్గరికి పరిగెడతారని, మా కాలంలో ఇంతమందిమి కలిసి ఉండి ఎంత ధైర్యంగా పెరిగామోనని నా ఈడు వాళ్ళు అంటుంటే వింటుంటాను. నేనూ ఎక్కడో ఒకటి రెండు చోట్ల అలా రాసినట్టు గుర్తు. ఆరుగురు మనుషులు తిరిగే ఇంట్లో ఒక పసిపిల్ల నోట్లో నాలుగైదు నెలలు చీము కారింది. చిగురు ఎత్తి చూసినవాళ్ళు లేరు. చూసే అవసరం లేకుండా చేసింది నేను. చూడాలనుకోనిది మా అమ్మ. బుజ్జిగాడి పన్ను కదిలిన గంటలోపే వాడి తల్లి పరాయి మనిషి ముందు కూర్చుని నేను గట్టిగా పట్టుకోలేదు అని చెప్పగలిగింది. ఆ ఒక్క మాట చెప్పే మనిషి మా ఇంట్లో లేకపోయింది. ఆ కాలం మంచిదని ఇంకెప్పుడూ రాయను.

చిట్టి లేచింది. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందేమోననుకున్నాను. ఏదీ చేయలేదు. బల్ల మీద ఫోను తీసి, బాబాయి నంబరు తెరమీదకి తెచ్చి, నొక్కకుండా అమ్మ ముందుకి చాపింది.

"నువ్వు చెప్పమ్మా. నేనో అక్కో చెబితే నమ్మడు, నవ్వేస్తాడు. పడేసింది అక్క కాదని నీ నోటితో చెప్పు. ఇప్పుడు చెరువులు పోతాయా, ఇల్లు రెండవుతుందా? చెప్పు."

అమ్మ ఆ ఫోను వంక చూసింది. చిట్టి మొహం వంక, తర్వాత నా వంక చూసింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి లేచినట్టే అనిపించింది నాకు.

"జావ చల్లారిపోతంది, పిల్లాడు ఆకలితో ఉన్నాడు" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది.